గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో ఫొటోలు తీయడం: వేకువకు తూర్పు సరస్సులు, నీరెండకు పడమటి ఒడ్డు

అమెరికాలోని మోంటానా రాష్ట్రపు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని, పది లక్షల ఎకరాలకు పైగా పరుచుకున్న గ్లేసియర్ నేషనల్ పార్క్‌కు మనవాళ్ళు చాలామంది సియాటెల్ వైపు నుంచి తొమ్మిది పది గంటలు కారు నడుపుకుంటూ వస్తారు. మర్నాడు పొద్దున పది గంటలకు పార్కులో అడుగుపెట్టి, మలుపు మలుపుకూ బండి ఆపి ఫొటోలు తీసుకుని, సాయంత్రం ఐదింటికల్లా బసకు చేరిపోతారు. ఇంటికి వెళ్ళి చూసుకుంటే ఆరు వందల ఫొటోలు ఉంటాయి, కానీ కొండలన్నీ పాలిపోయి, ఆకాశం తెల్లబడి, ఏది ఏ చోటో పోల్చుకోలేనంతగా అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. మొదటిసారి నేను చేసిందీ ఇదే. తప్పు కెమెరాదీ కాదు, లెన్స్‌దీ కాదు. ఎండ నడినెత్తిన ఉన్న ఆ ఏడు గంటల్లోనే ఫొటోలన్నీ తీయడం తప్పు.

కెమెరాను మాన్యువల్‌లో వాడడం ఎంతో కొంత తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అపెర్చర్ అంటే ఏమిటి, ఐఎస్ఓ అంటే ఏమిటి అన్న పాఠాలు ఇందులో ఉండవు. ఏ వేళకు ఎక్కడ నిలబడాలి, నిలబడ్డాక ఏం చేయాలి అన్నదే నా విషయం.

వెన్నెముక ఎటు ఉందో చూసుకోవాలి

వాన నీటిని ఇటు పసిఫిక్ సముద్రానికీ అటు అట్లాంటిక్ వైపుకూ పంచిపెట్టే ఖండపు జలవిభాజక రేఖ ఈ పార్కు నడుమ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది. ఇక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫీట్ ప్రజలు ఈ పర్వతాలను ‘ప్రపంచపు వెన్నెముక’ అంటారు. పార్కులోనే ఉన్న ట్రిపుల్ డివైడ్ అనే 8,020 అడుగుల శిఖరం మీద పడిన నీరు అయితే రెండు కాదు, మూడు దారులు పట్టి పసిఫిక్‌కు, అట్లాంటిక్‌కు, హడ్సన్ అఖాతానికి చేరుతుంది. భూగోళం పాఠంలా కనిపించే ఈ సంగతే ఫొటో తీసేవారికి దినచర్యను నిర్ణయిస్తుంది. తూర్పు వైపున్న సెయింట్ మేరీ, స్విఫ్ట్‌కరెంట్, టూ మెడిసిన్ సరస్సుల ఒడ్డున నిలబడితే శిఖరాలు మీకు పడమటి దిక్కున ఉంటాయి కనుక ఉదయపు సూర్యుడు మీ వీపు వెనక నుంచి లేచి నేరుగా వాటి ముఖాల మీద వెలుగు వేస్తాడు; సాయంత్రం అవే శిఖరాలు వెలుగుకు అడ్డంగా నిలిచి నల్లటి గోడలైపోతాయి. పడమటి వైపున్న మెక్‌డొనాల్డ్ సరస్సు దగ్గర దీనికి సరిగ్గా తలకిందులు: అక్కడ ఆప్గార్ గ్రామం ఒడ్డు నుంచి ఈశాన్యంగా చూస్తాం కనుక పొద్దున కొండలు నీడలో ఉంటాయి, సాయంత్రం నీరెండ వాటి మీద పడుతుంది.

కాబట్టి వేకువ తూర్పున, సాయంత్రం పడమట అన్నది సూత్రం. అయితే ఒకే రోజున రెండూ సాధించాలని పరుగెత్తడం నేను సలహా ఇవ్వను. రెండు వైపులనూ కలిపే గోయింగ్ టు ద సన్ రోడ్ పొడవు 50 మైళ్ళే కానీ, 1932లో పూర్తయి ఆ మరుసటి ఏడు జూలైలో ప్రారంభమైన ఈ దారి కొండ అంచున చెక్కినది. వేసవిలో దీన్ని దాటడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా లెక్క వేయడం కష్టం. ఆప్గార్ నుంచి 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ అనే కనుమకు 32 మైళ్ళు, అక్కడి నుంచి తూర్పు కొసనున్న సెయింట్ మేరీ ఊరికి మరో 18 మైళ్ళు. చేతిలో రెండు రోజులే ఉంటే ఒక రాత్రి తూర్పున, ఒక రాత్రి పడమట బస చేయండి. నాలుగు రోజులుంటే రెండేసి రాత్రులు. వేకువ ఫొటోకు నాలుగింటికి లేవాల్సిన చోట, ఒడ్డుకు పావుగంట దూరంలో నిద్రపోవడమే అన్నిటికన్నా మంచి పరికరం.

వాహనాల నియమాలు ఏటా మారుతుంటాయి. కొన్నేళ్ళుగా ఒక్కో వేసవికి ఒక్కో పద్ధతి పెడుతున్నారు కనుక బస ఖాయం చేసుకోవడానికి ముందే పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో ఆ ఏటి నియమం చూసుకోవాలి. తిరుమల దర్శనం టికెట్ల కోసం మనం ఎంత ముందుగా చూసుకుంటామో బసల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. లోగన్ పాస్ పార్కింగ్ వేసవిలో పొద్దున్నే నిండిపోతుంది. 21 అడుగుల పొడవు దాటిన వాహనాలను దారి మధ్య భాగంలోకి రానివ్వరు కనుక పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకునే కుటుంబాలు కొలత అడిగి తీసుకోవడం మంచిది.

ఏ నెలలో ఏది దొరుకుతుంది

పై దారి మీద మంచు తొలగించే పని వసంతమంతా సాగి, సాధారణంగా జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో దారి పూర్తిగా తెరుచుకుంటుంది; అక్టోబరులో మళ్ళీ మూసుకుంటుంది. ఈ మూడున్నర నెలల్లోనే మూడు వేర్వేరు రుతువులు ఉన్నాయని అనుకోవాలి. జూన్ చివరి నుంచి జూలై మధ్య వరకు మంచు కరిగిన నీళ్ళతో జలపాతాలు నిండుగా ఉంటాయి, దారి పక్కన వీపింగ్ వాల్ అనే బండ మీంచి నీరు ధారలు కడుతుంది, బేర్‌గ్రాస్ తెల్లటి కంకులు వేస్తుంది. బేర్‌గ్రాస్ మొక్క ఏటా పూయదు కనుక నిరుడు ఎవరో తీసిన తెల్లటి పూలమైదానం ఈ ఏడు బోసిగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆగస్టులో ఎత్తైన బాటలన్నీ తెరిచి ఉంటాయి, కానీ అడవి మంటల పొగ ఆ నెలదే. 2017లో స్ప్రేగ్ మంటలు కొండపైనున్న స్పెరీ షాలే రాతి భవనాన్ని కాల్చివేశాయి. 2018లో హౌ రిడ్జ్ మంటలు మెక్‌డొనాల్డ్ సరస్సు వాయవ్యపు ఒడ్డున అడవిని తినేశాయి. సెప్టెంబరు చివర్లో తూర్పు వైపు ఆస్పెన్ చెట్లు పసుపెక్కుతాయి. అక్టోబరు మధ్యలో పడమటి వైపు లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి. సూదుల్లాంటి ఆకులుండి కూడా ఏటా ఆకు రాల్చే చెట్టు ఇది. ఒక్కసారే వెళ్ళగలిగేవారికి నా ఓటు సెప్టెంబరు మూడో వారానికి: జనం పలచబడతారు, సూర్యోదయం కాస్త మర్యాదైన వేళకు అవుతుంది, గాలిలో పొగ సాధారణంగా తగ్గుతుంది.

పొగ పట్టిన రోజున గదిలో కూర్చోవద్దు. సూర్యుడికి ఎదురుగా కెమెరా తిప్పి, 100 నుంచి 300 ఎంఎం లెన్స్‌తో చూస్తే కొండ వెనక కొండ ఒక్కో వరుస ఒక్కో ఛాయలో విడివిడిగా కనిపిస్తుంది. రంగు లేకపోయినా చిత్రం నిలబడుతుంది. ఆన్సెల్ ఆడమ్స్ 1941–42లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ కోసం ఈ పార్కులో తీసిన నలుపు తెలుపు చిత్రాలు ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం వాటిని చూసి వెళితే, రంగు తీసేశాక కూడా చిత్రంలో ఏం మిగలాలో కంటికి అలవాటవుతుంది.

వేకువ: సెయింట్ మేరీ సరస్సు దగ్గర ఒక గంట

పార్కు మొత్తంలో ఎక్కువ మంది కెమెరాలు పెట్టే చోటు సెయింట్ మేరీ సరస్సు ఒడ్డున, దారి పక్కనే ఉన్న వైల్డ్ గూస్ ఐలండ్ వ్యూపాయింట్. నీటి నడుమ నాలుగు చెట్లున్న బుల్లి దీవి, దాని వెనక రెండు వైపుల నుంచీ దిగివచ్చే శిఖరాలు. అందరూ తీసిన ఫొటో మళ్ళీ ఎందుకు అని అడిగేవారున్నారు. అందరూ పాడే రాగమే కదా అని ఎవరూ మోహనను వదిలిపెట్టరు.

జూలై మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఆరింటికి కాస్త ముందు అవుతుంది. దానికి గంట ముందే ట్రైపాడ్ నిలబెట్టాలి, ఎందుకంటే సూర్యుడు కనిపించడానికి పది పదిహేను నిమిషాల ముందే శిఖరాల కొసలకు లేత గులాబి రంగు అంటుకుంటుంది. తర్వాత కొస మీద మొదటి ఎండ పొడ పడుతుంది, ఆ వెలుగు గీత కొండ మీంచి మెల్లగా కిందికి దిగుతుంది. అది సగం కొండ దిగేలోపే అసలు పని పూర్తవ్వాలి. పూర్తిగా దిగాక మిగిలేది మామూలు పగటి ఫొటో. మన ఊళ్ళలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు, నిట్టనిలువుగా దిగుతాడు, సంధ్య పాతిక నిమిషాల్లోపే ముగిసిపోతుంది. 48 డిగ్రీల అక్షాంశం దాటిన ఇక్కడ ఏటవాలుగా కదులుతాడు కనుక వేసవిలో సంధ్య 40 నిమిషాల దాకా సాగుతుంది. తొందరపడకుండా రెండు మూడు కూర్పులు మార్చుకునే వ్యవధి ఉంటుంది.

దీవిని చట్రం నట్టనడుమ పెట్టడం అందరికీ మొదట తోచేది. దానికన్నా దీవిని మూడో వంతు దగ్గరికి జరిపి, వెనక లోయ తెరుచుకున్న చోటును ఖాళీగా వదిలితే చూపు లోపలికి వెళుతుంది. వైడ్ లెన్స్ పెడితే శిఖరాలు చిన్నబోతాయి; ఇక్కడ 35 నుంచి 70 ఎంఎం నాకు బాగా పనికొచ్చింది. ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఐఎస్ఓ 100. ఎఫ్/16 దాటితే కాంతి వివర్తనం వల్ల స్పష్టత తగ్గుతుంది కనుక అక్కడికి పోకండి. వెలుగు పడిన శిఖరానికీ నీడలో ఉన్న నీటికీ మధ్య తేడా చాలా ఎక్కువ. పై సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు సముద్రతీరంలో వంటి తిన్నని క్షితిజరేఖకు సరిపోతాయి కానీ, రంపపు పళ్ళలాంటి ఈ కొండలకు పెడితే వెలుగు పడిన కొసలే చీకటి అయిపోతాయి. ట్రైపాడ్ కదపకుండా మామూలుగా ఒకటి, రెండు స్టాపులు తగ్గించి ఒకటి, రెండు స్టాపులు పెంచి ఒకటి తీసుకుని ఇంట్లో కలుపుకోవడం మేలు. వెలుగు ఎంతెంత పడిందో చూపే హిస్టోగ్రామ్‌లో కుడి అంచు తెగకుండా చూసుకుంటే చాలు, నీడల్లోని వివరం రా ఫైల్ నుంచి తీయవచ్చు.

ఇక గాలి. పర్వతాలు దాటి తూర్పుకు జారే గాలి ఈ సరస్సు మీద విసురుగా వీస్తుంది, నీళ్ళు అద్దంలా నిలిచే రోజులు తక్కువ. నా రెండో ప్రయాణంలో ఒక వేకువ ఆకాశమంతా కెంజాయ రంగు పులుముకుంది. సగం సెకను చొప్పున నలభై ఫొటోలు తీశాను, కెమెరా తెర మీద అన్నీ దివ్యంగా కనిపించాయి. గదికి వచ్చి పెద్దవి చేసి చూస్తే ఒక్కటీ పదునుగా లేదు. మెడ పట్టీ కెమెరాకే వేలాడుతూ, గాలికి జెండాలా కొట్టుకుంటూ ట్రైపాడ్‌ను వణికించింది. అప్పటి నుంచి ట్రైపాడ్ ఎక్కించేముందు పట్టీ ఊడదీస్తాను, నడిమి కడ్డీని ఎత్తను, సంచిని కడ్డీకి వేలాడదీస్తే అది నేలను తాకేలా చూస్తాను. గాలిలో ఊగే సంచి బరువు పెట్టినట్టు కాదు, ఊయల కట్టినట్టు. ప్రతి నాలుగైదు ఫొటోలకు ఒకసారి తెర మీద చెట్ల కొసలను పూర్తిగా పెద్దవి చేసి చూడాలి. గాలి మరీ మొండిగా ఉంటే ఐఎస్ఓ 400కు పెంచి షట్టర్ వేగం పెంచుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రెండో వేకువను మెనీ గ్లేసియర్ అనే ప్రాంతానికి కేటాయించండి. సెయింట్ మేరీ నుంచి బాబ్ అనే ఊరి మీదుగా 21 మైళ్ళు. గ్రేట్ నార్తర్న్ రైల్వే 1915లో తెరిచిన పాత హోటల్ ముందు స్విఫ్ట్‌కరెంట్ సరస్సు, దానికి ఎదురుగా పిరమిడ్‌లా లేచిన గ్రినెల్ పాయింట్. ఇక్కడ సరస్సు చిన్నది కనుక ప్రతిబింబం దొరికే అవకాశం సెయింట్ మేరీ కన్నా ఎక్కువ. ప్రతిబింబం కావాలంటే కెమెరాను నీటికి దగ్గరగా దించాలి, నీటి మీది మెరుపును తుడిచేసే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయాలి.

మిట్టమధ్యాహ్నం పనికిరానిది కాదు

పది గంటల నుంచి నాలుగు గంటల దాకా పెద్ద దృశ్యాలను వదిలేసి మూడు పనులు చేసుకోవచ్చు. మొదటిది అడవి. పడమటి వైపు ట్రైల్ ఆఫ్ ద సీడార్స్ అనే చిన్న చెక్కబాట మీద సీడార్ మహావృక్షాల కింద మబ్బు పట్టిన రోజున నడిస్తే, అవలాంచ్ వాగు ఎర్రటి బండను తొలుచుకుంటూ పారే ఇరుకు లోయ వస్తుంది. పాచి పట్టిన రాయి మీద, తడి ఆకుల మీద మెరుపును పోలరైజర్ తీసేస్తుంది, పచ్చదనం చిక్కబడుతుంది. షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను మధ్య ఉంచితే నీరు కదలికా తెలుస్తుంది, గీతలూ మిగులుతాయి. పది సెకన్లు ఉంచితే పాలు ఒలికినట్టు ఉంటుంది తప్ప వాగులా ఉండదు. ఎండ కాసే రోజున ఇదే చోటు నలుపు తెలుపు మచ్చల కలగాపులగం, అప్పుడు వెళ్ళి ప్రయోజనం లేదు.

రెండోది రంగు నీళ్ళు. హిమానీనదం కింద నలిగిన రాతిపిండి నీటిలో కలిసి తేలుతూ వెలుగును చెదరగొట్టడం వల్ల గ్రినెల్ సరస్సుకు నీలిపచ్చ మణిరంగు వస్తుంది. ఇది ఎండ నిటారుగా పడినప్పుడే వెలుగుతుంది, నీరెండలో బూడిదరంగులోకి పోతుంది. పై బాట మీద నుంచి కిందికి చూస్తూ తీయాలి.

మూడోది లోగన్ పాస్ నుంచి హిడెన్ లేక్ ఓవర్‌లుక్ దాకా నడక. రానూ పోనూ 2.7 మైళ్ళు, ఎక్కాల్సింది 540 అడుగులు. జూలైలో కూడా బాట మీద మంచు మిగిలి ఉండడం మామూలే. మంచును చూసి మోసపోయేది కెమెరా మీటరే: తెల్లదంతా బూడిదరంగని అనుకుని వెలుగు తగ్గిస్తుంది కనుక ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచుకోవాలి. నీడలో ఉన్న మంచు నీలంగా ఉండడం సహజం, ఎడిటింగ్‌లో దాన్ని తెల్లగా తోమేయవద్దు.

నీరెండ: మెక్‌డొనాల్డ్ సరస్సులోని రాళ్ళు

పది మైళ్ళ పొడవున్న మెక్‌డొనాల్డ్ పార్కులో అతిపెద్ద సరస్సు. ఆప్గార్ ఒడ్డున అడుగు లోతు నీళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలి ఛాయల గులకరాళ్ళు రత్నాల అంగడిలా పరిచి ఉంటాయి. అవి వంద కోట్ల ఏళ్ళకు ముందు నాటి సముద్రపు అడుగున పేరుకుని గట్టిపడిన బురద. ఎరుపుకూ ఆకుపచ్చకూ కారణం ఇనుమే. లోతు తక్కువ నీటిలో గాలి తగిలి తుప్పు పట్టినది ఎరుపు, లోతున ప్రాణవాయువు అందనిది ఆకుపచ్చ. చల్లటి నీటిలో నాచు పెద్దగా పెరగదు కాబట్టి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో చూసే ఫొటోల్లో ఈ రంగులను చాలామంది విపరీతంగా పెంచేస్తారు; అది నమ్మి వచ్చినవారు ఒడ్డున పొడిగా ఉన్న రాళ్ళను చూసి నిరాశపడతారు. పొడిరాయికి రంగు ఉండదు, తడిరాయికే ఉంటుంది.

ఈ చోట పోలరైజర్ లేకుండా పని జరగదు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ నిలబడాలో కూడా తెలుస్తుంది. నీటి ఉపరితలం నుంచి సుమారు 37 డిగ్రీల కోణంలో పైకి తిరిగి వచ్చే ప్రతిఫలనాన్ని ఫిల్టర్ దాదాపు పూర్తిగా తుడిచేస్తుంది, అంతకన్నా ఏటవాలుగా వచ్చేదాన్ని అంతగా తుడవలేదు. కెమెరాను నాలుగున్నర అడుగుల ఎత్తున పెడితే, ఆ కోణం సరిగ్గా పడే చోటు మీకు ఆరడుగుల ముందు ఉంటుంది. అంటే మీ ముందున్న ఆరడుగుల నీటిలో మంచి రాళ్ళున్న చోటును వెతుక్కోవాలి, ట్రైపాడ్‌ను ఛాతీ ఎత్తున ఉంచాలి. నేల మట్టానికి దించితే రాళ్ళు మాయమై ఆకాశమే కనిపిస్తుంది. ఫిల్టర్‌ను నెమ్మదిగా తిప్పుతూ దగ్గరి రాళ్ళు తేలిన క్షణాన ఆపండి; దూరపు నీటిలో కొండల నీడ అప్పటికీ మిగిలే ఉంటుంది, అదే ఈ చిత్రానికి అందం. అల్ట్రా వైడ్ లెన్స్‌తో ఆకాశంలో ఒక మూల ముదురు మచ్చ పడుతుంది, 20 ఎంఎంకు దిగువకు వెళ్ళకపోతే అది అదుపులో ఉంటుంది. ఇక వేళ సంగతి: సూర్యుడు దిగాక తీయండి, వెలుగు అంతటా సమంగా ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 20 ఎంఎం, ఎఫ్/11 పెట్టి ఐదడుగుల దూరానికి ఫోకస్ చేస్తే మూడడుగుల ముందున్న రాయి నుంచి పది మైళ్ళ అవతలి శిఖరం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి.

నీళ్ళు మోకాళ్ళ దాకా దిగాల్సి వస్తే రబ్బరు బూట్లు తెచ్చుకోండి. రాళ్ళను చిత్రం కోసం తిప్పి పేర్చవద్దు, ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు. పార్కులోంచి ఏదీ తీసుకుపోకూడదన్నది చట్టం. గాలి లేవకముందు తెల్లవారుజామున కూడా ఇక్కడికి రావచ్చు, పొగమంచు తేలుతున్న రోజున కొండలు నీడలో ఉన్నా చిత్రం బాగుంటుంది. అటు ఎడమ ఒడ్డున 2018లో కాలిన మొద్దులు వరుసగా నిలిచి ఉంటాయి. వాటిని తప్పించి తీసేవారే ఎక్కువ, నాకు మాత్రం అవే ఆ ఒడ్డుకు గీతల్లా అనిపిస్తాయి.

రాత్రి

ఈ పార్కూ, సరిహద్దు అవతలి కెనడా పార్కు వాటర్టన్ లేక్స్ కలిసి అంతర్జాతీయ చీకటి ఆకాశపు పార్కుగా గుర్తింపు పొందాయి. అయితే జూన్ చివర్లో నడిరేయి కూడా ఇక్కడ పూర్తి చీకటి పడదు. పాలపుంత కోసం వచ్చేవారు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమావాస్య చుట్టూ వారం చూసుకోవాలి. వైల్డ్ గూస్ ఐలండ్ వ్యూపాయింట్ నైరుతి వైపు చూస్తుంది కనుక, ఆ నెలల్లో చీకటి పడ్డ తర్వాత పాలపుంత ప్రకాశవంతమైన భాగం సరస్సు వైపు వాలుతుంది. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 15 సెకన్లతో మొదలుపెట్టి సరిచూసుకోండి. ఎర్ర దీపం వాడండి. తెల్ల టార్చి వేస్తే పక్కవారి ఫొటో పాడవుతుంది, మీ కళ్ళూ మళ్ళీ చీకటికి అలవాటుపడడానికి అరగంట పడుతుంది.

జంతువులు, నియమాలు

ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు 100 గజాల దూరం, మిగతా జంతువులకు 25 గజాల దూరం పాటించాలన్నది నియమం. లోగన్ పాస్ దగ్గర కొండమేకలు మనుషుల చెమటలోని ఉప్పు కోసం వాటంతట అవే దగ్గరికి వస్తాయి; అప్పుడు వెనక్కి జరగాల్సింది మనమే. మీదికొచ్చే ఎలుగును ఆపే స్ప్రేను విమానంలో చేతిసంచిలోనూ, అప్పగించే సామానులోనూ ఒప్పుకోరు కనుక అక్కడే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి, దాన్ని కెమెరా సంచిలో అడుగున కాకుండా నడుముకు కట్టుకోవాలి. ట్రైపాడ్ ముందు వంగి, చెవులకు వాగు హోరు తప్ప ఏమీ వినపడని మనిషి ఎలుగుకు ఎదురుపడే మనిషే. మధ్యమధ్య తలెత్తి గట్టిగా మాట్లాడుతూ ఉండండి. డ్రోన్‌కు అనుమతి లేదు. తూర్పు సరిహద్దు దాటగానే బ్లాక్‌ఫీట్ ప్రజల భూమి మొదలవుతుంది, దారి దిగి వారి పొలాల్లోకి ట్రైపాడ్ తీసుకుని వెళ్ళాలంటే వారి అనుమతి కావాలి.

హిమానీనదాన్ని తీయడం

పేరులో గ్లేసియర్ ఉంది కదా అని మంచు నదులు దారి పక్కనే ఉంటాయని వచ్చేవారు నిరాశపడతారు. ఈ లోయలను చెక్కిన మహా హిమానీనదాలు వేల ఏళ్ళ క్రితమే కరిగిపోయాయి. 1850 నాటికి ఇక్కడ చిన్నవి ఇప్పటికన్నా చాలా ఎక్కువే ఉండేవని అంచనా. 2015 కొలతల్లో, 25 ఎకరాలకు మించి మంచు మిగిలి హిమానీనదం అనిపించుకోగలిగినవి 26. కారు దిగకుండా చూడాలంటే జాక్సన్ గ్లేసియర్ ఓవర్‌లుక్ దగ్గర 200 ఎంఎం, అంతకు మించిన లెన్స్ కావాలి.

దగ్గరగా చూడాలంటే గ్రినెల్. మెనీ గ్లేసియర్ నుంచి రానూ పోనూ పది మైళ్ళకు పైన నడక, 1,600 అడుగులకు మించి ఎక్కుడు. పడవ ఎక్కితే మూడు మైళ్ళకు పైగా తగ్గుతుంది. హిమానీనదం గార్డెన్ వాల్ అనే నిలువు గోడకు తూర్పు వైపు ఉంది కనుక మధ్యాహ్నం తర్వాత ఆ గోడ నీడ దాని మీద పడుతుంది. మొదటి పడవకే బయలుదేరాలి. పైకి చేరాక ఆ గోడకు అడ్డంగా నల్లటి పట్టీ ఒకటి, దాని పైనా కిందా తెల్లని అంచులూ కనిపిస్తాయి. సున్నపురాయిలోకి కరిగిన శిల చొచ్చుకుని, ఇరువైపుల రాయిని పాలరాయిగా కాల్చిన గుర్తు అది. చిత్రానికి ఇంతకన్నా మంచి గీత దొరకదు, దాన్ని చట్రంలో తిన్నగా ఉంచకుండా ఒక మూల నుంచి మరో మూలకు వాలేలా కూర్చండి.

ఇక్కడ తీయదగిన మరో రకం ఫొటో ఉంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తలు 1997 నుంచి, రైల్వే కోసం టి.జె. హైల్‌మన్ వంటివారు దశాబ్దాల క్రితం తీసిన ఫొటోలు చేతపట్టుకుని, సరిగ్గా అదే చోట నిలబడి మళ్ళీ తీస్తున్నారు. ఆ జంట చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి ఫోన్‌లో దించుకుని వెళ్ళండి. దూరపు శిఖరాలను కాదు, దగ్గరి బండ అంచు వెనకాల ఏ దూరపు చీలిక కనిపిస్తోందో చూసుకుంటూ కుడికీ ఎడమకూ జరగాలి. రెండూ పాత ఫొటోలో ఉన్నట్టే ఒకదాని పక్కకు ఒకటి వచ్చినప్పుడు సరైన చోటికి చేరినట్టు. ఇది ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మధ్య లోపు చేయాలి. అప్పటికి ఆ ఏడు కురిసిన మంచు కరిగిపోయి పాత మంచు మాత్రమే మిగులుతుంది, లేకపోతే కొత్త మంచు పాతదానిలా కనబడి చిత్రం అబద్ధం చెబుతుంది. తీసిన ప్రతి ఫొటోతో పాటు జీపీఎస్ అంకెలు, తేదీ, గంట, లెన్స్ పొడవు, ట్రైపాడ్ ఎత్తు రాసి పెట్టుకోండి. ఆ బండ మీద పదేళ్ళ తర్వాత మళ్ళీ ట్రైపాడ్ పెట్టేవారికి, అది మీరే కావచ్చు, ఈ ఐదూ కావాలి.